తెల్లబడిన బొగ్గు కుప్పను ఒక్కసారి తిరగేయనివ్వమని

తేది 6-1-1999, బుధవారం. తెల్లవారి దట్టంగా మంచు, చలి. డిపో బయట గోడ వెంబడి ఊడ్చి చెత్త ఎత్తాను.

శ్రీయుత ప్రత్యేక అధికారి గారికి,
కొత్త రహదారుల సుందరీకరణ విభాగం.

రాయదుర్గం రోడ్డులో బొగ్గు డిపో నడుపుకొనుచుండిన, ప్రస్తుతం నడుపుకొనలేకయున్న చెన్నకేశవులు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సీలు వేయబడిన డిపోలోని బొగ్గు కుప్పను ఒక్క రోజు పారతో తిరగేయుటకు అనుమతి కోరుట గురించి.

పై వరుసలో తేదీతో పాటు మంచు, ఊడ్చిన సంగతి కూడా వచ్చినందుకు మన్నించాలి. రోజూ లెక్కల పుస్తకం అలా మొదలుపెట్టే అలవాటు వల్ల చెయ్యి తానుగా రాసేసింది. స్టాంపు ముందే అంటించి ఉన్నందున కాగితం మార్చలేదు.

1. నాది అనంతపురం జిల్లా. ఇటుక బట్టీలో లెక్క రాసే పనికి ఈ రాజధాని వైపు వచ్చాను. బట్టీ మూతపడి, జీతానికి బదులుగా అక్కడ మిగిలిన బొగ్గు ఇస్తే దానితో డిపో పెట్టుకున్నాను. అనగా ఈ వ్యాపారం నేను ఎంచుకున్నది కాదు, నా దగ్గర ఉండిపోయినది. బడి చదువు ఐదో తరగతి. తర్వాతి చదువంతా పాత పేపర్లలోనిది. అర్జీ రాయడం మాత్రం ఆఫీసు వరండాల్లో ఇతరుల అర్జీలు వారి భుజాల మీదుగా చదివి నేర్చుకున్నాను. కాబట్టి ఇందులోని తప్పులు కొన్ని ఇతరులవి.

2. ఒకప్పుడు హోటళ్లు, బేకరీలు, బట్టీలు అన్నీ నా దగ్గరే బొగ్గు తీసుకునేవి. హోటళ్లకు గ్యాసు వచ్చింది. బట్టీలు తెల్లాపూర్ దాటిపోయాయి. గనుల నుంచి లారీలు ఇప్పుడు నేరుగా అక్కడికే వెళతాయి, మధ్యలో నా మొహం చూడవలసిన అవసరం వాటికి లేదు. మిగిలిన గిరాకి కమ్మరి కొలుములు. కొత్త భవనాల కోసం గుట్టలు కొట్టే పనివాళ్ల ఉలులు సాయంత్రానికి మొద్దుబారితే వాటిని కాల్చి సాగగొట్టాలి, అందుకు బొగ్గు కావాలి. గుట్టలు అయిపోగానే కొలుములు అయిపోతాయి, కొలుములతో నేనూ అయిపోతాను. ఈ సంగతి నా భార్య అనసూయమ్మ నాకన్నా ముందే ఊహించి, జిరాక్సు మిషను పెట్టమని రెండేళ్లుగా చెబుతున్నది. అందులోనూ పోసేది నల్ల పొడే కాబట్టి నాకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదని ఆమె అభిప్రాయం.

3. గత డిసెంబరులో విదేశీ ప్రతినిధులు ఈ రోడ్డు మీదుగా వెళతారని, రోడ్డుకు కనిపించేదంతా తెల్లగా ఉండవలెనని తమ సిబ్బంది మౌఖికముగా ఆదేశించినారు. గోడకు సున్నం కొట్టించాను. అయితే గోడ కన్నా కుప్ప ఎత్తు. కుప్ప నెత్తి నల్లగా గోడ మీంచి రోడ్డును చూస్తున్నది. కుప్పను తగ్గించవచ్చును. పైన పట్టా కప్పవచ్చును. ఈ రెండు ఆలోచనలూ నాకు తర్వాత వచ్చాయి. ముందు వచ్చిన ఆలోచన ఏమనగా, చిన్నప్పుడు గుంతకల్లు రైల్వే యార్డులో బొగ్గు కుప్పల మీద సున్నపు నీళ్లు చల్లడం చూశాను. ఎవరైనా దొంగతనంగా ఎత్తుకుపోతే ఆ చోట నలుపు బయటపడుతుందని అలా చల్లేవారు.

వాళ్లు చల్లేవారు. నేను కొట్టించాను, రెండు పూతలు. ట్యాంకరు నీళ్లు తెప్పించి, సున్నంలో నీలిమందు కూడా కలిపాను. సాయంత్రం రోడ్డు అవతల నిలబడి చూసుకుని, బాగుంది అనుకున్నాను. ఈ మాట అర్జీలో అవసరం లేదు, అయినా అనుకున్న మాట నిజం. అనసూయమ్మ కూడా వచ్చి చూసింది. బొగ్గుకు పౌడరేసే మొగుడు ఈ భూమ్మీద నాకొక్కదానికే దొరికినాడు అని చెప్పి ఇంటికి పోయింది.

4. ప్రతినిధులు రావడానికి ముందు రోజు తమ విభాగపు ఇన్‌స్పెక్టరు వెంకటనారాయణ గారు తనిఖీకి విచ్చేసినారు. నా లైసెన్సులో బొగ్గు అని ఉన్నది. ఎదురుగా తెల్లటి గుట్ట ఉన్నది. అనుమతి లేని తెల్లని పదార్థము నిల్వ చేయబడినది, బొగ్గు కనబడలేదు అని ఆయన పంచనామా రాశారు. నేను గాభరాపడి ఒక పక్క పారతో గీకి లోపలి నలుపు చూపించాను. ఆయన దానిని కూడా వదలలేదు. తెల్లని పదార్థము అడుగున బొగ్గు దాచి ఉంచబడినది అని కింద చేర్చారు. ఆ విధంగా బొగ్గు లేనందుకు ఒక నేరం, ఉన్నందుకు ఒక నేరం నా మీద నమోదైనవి. రెండింటి కిందా నేనే సంతకం చేశాను. అంతకన్నా చక్కని సంతకం నా జీవితంలో కుదరలేదు.

వెంకటనారాయణ గారు చెడ్డవారు కారు. గేటుకు లక్క సీలు వేస్తూ, నాకు మాత్రమే వినబడేలా, "బొగ్గేనని నాకూ తెలుసండి చెన్నకేశవులు గారూ. కానీ రాసేశాను కదండి. రాసింది కొట్టేస్తే రేపు నా మీద రాస్తారండి" అన్నారు. నమూనా ప్రయోగశాలకు పంపారు, జవాబు ఇంకా రాలేదు. ప్రతినిధులు వేరే రోడ్డు మీదుగా వెళ్లారని పేపర్లో చదివాను.

5. బొగ్గు ఊరికే పడి ఉండే సరుకు కాదని మనవి. పొడి బొగ్గును ఎత్తుగా పోసి, తడిపి, కదపకుండా వదిలేస్తే లోపల తనంతట తాను వేడెక్కుతుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయనక్కర లేదు. అందుకే అప్పుడప్పుడు కుప్పను విప్పి, తిరగేసి, పలచగా పరిచి చల్లారనివ్వాలి. ఇది పెద్ద విద్య కాదు, డిపోలో పని చేసిన ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా ట్యాంకరు నీళ్లు పోయించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

సీలు పడి మూడు వారాలయింది. గేటు సందులోంచి చూస్తూ ఉన్నాను. సున్నం అక్కడక్కడా పసుపు తిరిగింది. ఊరంతటా మంచు పడుతుంటే కుప్ప నెత్తిన మాత్రం ఆవిరి లేస్తున్నది. దగ్గరికి పోతే కిరసనాయిలు లాంటి వాసన. వీధి కుక్కలన్నీ లోపలికి దూరి దాని మీదే పడుకుంటున్నాయి. నిన్నటి నుంచి అవి కూడా దిగిపోయాయి.

6. కుప్ప వెనకవైపు గోడకు ఆనుకుని పుణ్యవతి అనే ఆమె గుడిసె ఉన్నది. పాలమూరు నుంచి వచ్చినవారు. భర్త ఆంజనేయులు గుట్టలు కొట్టే పనికి పోతాడు. ఆమె పనివాళ్లకు రొట్టెలు చేసి అమ్ముతుంది. గుడిసెకు మూడు వైపులా ప్లాస్టిక్ పట్టా, నాలుగో వైపు నా గోడ.

పోయిన వారం పుణ్యవతి నన్ను ఆపి, ఈ సలికాలం గోడ వెచ్చగుంటున్నదని సంతోషంగా చెప్పింది. వాళ్ల అత్త మంచం గోడకు ఆనించి వేసుకుందట. ముసలామె మోకాళ్ల నొప్పులు తగ్గాయట, దవాఖానకు పోవుడు బందు చేసిందట. అంతా నా పుణ్యమేనని, ఆ పూట నా రొట్టెకు పైసలు తీసుకోలేదు. నేను ఆ రొట్టె తిన్నాను. గోడ ఎందుకు వెచ్చగా ఉన్నదో చెప్పలేదు. చెప్పడానికి మర్నాడు మళ్లీ వెళ్లి, గుడిసె కొంచెం అవతలికి జరుపుకుంటే మంచిది అని మాత్రం అనగలిగాను. ఆమె పెనం దించి నన్ను పైకీ కిందికీ చూసింది.

"నాలుగు దినాలు ముసల్ది వెచ్చగ పంటె నీదేం పోతది సేట్? గోడ అరిగిపోతదా?"

గోడకు కిరాయి అడగడానికి వచ్చాననుకున్నది. నేను తల ఊపి వచ్చేశాను. తల ఎందుకు ఊపానో నాకే తెలియదు. అప్పటి నుంచి అడగని కిరాయిని కూడా మాఫీ చేసిన మంచివాడినని గుడిసెల్లో నాకు పేరు వచ్చింది.

7. తమ ప్రయోగశాల ఆ పదార్థము సున్నమేనని తేల్చినచో నాకు ఎట్టి అభ్యంతరము లేదు. సున్నానికి నిప్పు అంటుకోదు. ఇన్నేళ్లూ తన సరుకు అసలైన బొగ్గని గిరాకీలకు ఒట్టు పెట్టినవాడు, ఇప్పుడు అది బొగ్గు కాకపోతే బాగుండునని దేవుడికి మొక్కుతున్నాడు. అయితే ప్రయోగశాల తేల్చేలోగా కుప్ప తానే తేల్చేలా ఉన్నది.

8. ఇదంతా నోటితో చెప్పుకొనవచ్చును గదా అని తమరికి అనిపించవచ్చు. తమ ఆఫీసు వరండాలో చాలాసార్లు కూర్చున్నాను. ఒకసారి తమరు కారు దిగి నా ముందు నుంచి పోతూ, ఏమిటి అని అడిగారు. ఏం లేదు సార్ అన్నాను. ఆ ఏం లేదు అన్న మాటను ఇందుమూలముగా రద్దు చేసుకొనుచున్నాను. ఫైరు స్టేషనుకు కూడా పోయాను. మంట ఎక్కడ అని అడిగారు, ఇంకా రాలేదన్నాను, వచ్చాక రమ్మన్నారు. అందులో వారి తప్పేమీ లేదు.

కావున డిపో తెరిపించమని నేను కోరడం లేదు. నేరాలు కొట్టివేయమనీ కోరడం లేదు. రెండింట్లో తమకు ఏది అనుకూలమో అది ఉంచి రెండోది తీసివేసినా, రెండూ ఉంచినా సమ్మతమే. నేను కోరునది ఒక్క రోజు. ఇద్దరు కూలీలు, నేను, మూడు పారలు. తమ సిబ్బంది ఎదుటనే సీలు విప్పి, కుప్పను గోడ నుంచి ఇవతలికి లాగి పలచగా పరచి, సాయంత్రానికి మళ్లీ సీలు వేయించుకుంటాను. లక్క ఖర్చు నాదే. గోడ అవతల ఒక ముసలామె నిద్రపోతున్నదన్న ఒక్క సంగతి చిత్తగించి, మిగతాదంతా చిత్తగించకపోయినా, అనుమతి దయచేయించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, రెండు విధములైన ముద్దాయి,
చెన్నకేశవులు

తా.క.: ఈ అర్జీ దాఖలు చేయుటకు ఈ ఉదయం బయలుదేరుతుండగా పుణ్యవతి మా ఇంటికి వచ్చింది. గుడిసె పట్టా గోడకు తగిలే చోట కరిగి అతుక్కుపోయిందని, అత్త వీపు బొబ్బలెక్కిందని, ముసలామెను కమ్మరి కొలిమి దగ్గర కూర్చోబెట్టి వచ్చానని చెప్పింది.

"గోడెనక ఏమున్నది సేట్? నిజం చెప్పు."

చెప్పాను. మూడు వారాలుగా నోటికి రానిది ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆమె అరవలేదు. అరిస్తే నాకు తేలికగా ఉండేది. నా చేతిలోని కాగితం ఏమిటని అడిగింది. చదివి వినిపించాను, ఆరో అంశం వదిలిపెట్టి. అర్జీ భాష ఆమెకు ఎంత అర్థమయిందో తెలియదు గాని చివరిదాకా నిలబడి విన్నది. విని ఒక్కటే అడిగింది.

"మరి నీకు పార లేదా?"

ఉంది అన్నాను. సీలు కూడా ఉంది అన్నాను.

"అది గేటుకు గదా ఉన్నది" అన్నది.

లోపలికి పోయి పంచనామా ప్రతి తీసి చూశాను. రోడ్డు వైపు గేటుకు సీలు వేయబడినది అని ఉన్నది. వెనక గోడ గురించి ఎక్కడా లేదు. అప్పటికే ఆంజనేయులు, అతనితో పని చేసేవాళ్లు నలుగురు గుడిసె సామాను బయటపెట్టి, గడ్డపారలతో నా కోసం చూస్తున్నారని ఆమె చెప్పింది. ఈ రోజుకు వాళ్ల కూలి పోయినట్టే. నేను చెప్పులు వేసుకుంటుంటే అనసూయమ్మ వెనక నుంచి నా పాత చొక్కా తెచ్చి మార్చుకోమన్నది. ఆమె కూడా వచ్చింది. ఆమె అక్కడ లేదని ఇందులో రాయమన్నది. కాబట్టి ఆమె అక్కడ లేదు.

గేటుకు తమరు వేయించిన సీలు ఈ సాయంత్రం వరకు ఎక్కడా చెదరలేదు, ఎప్పుడు వచ్చినా చూసుకోవచ్చును. గోడ విషయం ఎవరైనా ఫిర్యాదు చేసినచో దానికి నేనొక్కణ్ణే బాధ్యుణ్ణి. అప్పుడు మూడు నేరాలవుతాయి, ఇది మాత్రం నేను నిజంగా చేసినది. పుణ్యవతి కుటుంబం ఇప్పుడు మా వరండాలో ఉన్నది. ముసలామె వీపుకు దవాఖానలో మందు రాయించాము. ఇక్కడ సలి అని ఆమె నన్ను తిడుతున్నది.

ఈ అర్జీ మీద అక్కడక్కడా నల్లటి వేలిముద్రలు పడినందుకు క్షమించాలి. వేరే కాగితం లేక ఈ రోజు లెక్క కూడా దీని కిందనే రాసుకుంటున్నాను. తమరు చదవనక్కర లేదు.

తేది 7-1-1999, గురువారం. పొద్దెక్కాక మంచు విడిచి ఎండ బాగా కాసింది. ఈ రోజు చేసిన పని: వెనక గోడ పగలగొట్టి, కుప్పను తిరగేసి పలచగా పరిచాము.