జర ఆగు, వస్తున్న

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మిర్యాలగూడలో నీ గదిలోని పాత కంప్యూటర్‌ను ఈ రోజే ఆన్ చేశాం. పన్నెండేళ్లు ఒక్కడివే కూర్చుని రాసిన నీ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఒక్క హార్డ్‌డిస్కులోనే ఉంది. దాన్ని నెట్‌లో అందరికీ ఉచితంగా పెడదామని నీ దోస్తు శ్రీను వచ్చాడు.

స్విచ్ వేయగానే డిస్కు గరగరమంది. ఇప్పుడు అది పాడైతే నీ పనంతా పోతుందేమోనని భయం. స్క్రీన్ మీద నువ్వు రాసిపెట్టిన మాట వచ్చింది: "జర ఆగు, వస్తున్న." చాలాసేపు అదొక్కటే ఉంది. చివరికి సిస్టమ్ తెరుచుకుంది.

శ్రీను అంతా కాపీ చేసుకున్నాడు. ఎలా వాడాలో వివరంగా రాస్తూ మధ్యలో ఆగాడు.

"అక్కా, గా మాట తీసేసి ఇంగ్లీషుల పెడ్దామా? సూసినోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్యి. దాన్ని మాత్రం ముట్టకు" అన్నాను.

దవాఖానలో ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతుంటే నువ్వు నాతో అన్నది కూడా ఆ మాటే.

సాయంత్రానికి నెట్‌లో పెట్టేశాడు. ఇగ పోతదన్న భయం లేదన్నాడు. నాకు మాత్రం ఇంకో భయం పట్టుకుంది. ఎక్కడో ఎవరో దాన్ని తెరిచి, నీ మాట నమ్మి, నాలాగే ఎదురుచూస్తూ కూర్చుండిపోతారేమో.

అక్క