కాటాకు తూగని నాలుగు కిలోలు

ఉద్యోగుల వైద్య సహాయ విభాగం,
మంజూరు అధికారి గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: తొంభై కిలోల బరువు తగ్గిన పిదప ఒంటిమీద మిగిలిపోయిన చర్మాన్ని తొలగించే ఆపరేషనును "అందం నిమిత్తం" అని తిరస్కరించిన ఉత్తర్వును పునఃపరిశీలించి, నన్ను మరొకసారి, ఈసారి చొక్కా విప్పించి, పరీక్షింపజేయవలసినదిగా మనవి.

నేను ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే పెద్ద కాటా దగ్గర గుమాస్తాను. లారీ నిండుగా వచ్చినప్పుడు ఒకసారి, ఖాళీగా పోయేటప్పుడు ఒకసారి తూచి, తేడా రాసి చీటీ ఇవ్వడం నా పని. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే కిటికీ. ఇదే విషయమై తమకు ఇంతకుముందు రెండు అర్జీలు పెట్టుకున్నాను. ఒకటి ఆరు పంక్తులు, రెండోది నాలుగు. తక్కువ రాయడం మర్యాద అనుకున్నాను. అందువల్లనే పని చెడిందని మా ఇంటావిడ అభిప్రాయం. కావున ఈ దిగువ వివరంగా రాస్తున్నాను.

1. మూడేళ్ల క్రితం నా బరువు నూట డెబ్బై కిలోలు. కాటా గదికి ఎనిమిది మెట్లు. నాలుగో మెట్టు మీద ఆగి, కమ్మీ పట్టుకుని, లారీ వాళ్లు హారన్ కొడుతుంటే ఊపిరి కూడదీసుకునేవాణ్ణి. తమ విభాగమే నాకు పొట్ట సంచి చిన్నది చేసే ఆపరేషను చేయించింది. ఆ తరువాత డాక్టరు చెప్పినంత తిని, చెప్పినంత నడిచి, రెండేళ్లలో ఎనభైకి వచ్చాను. అప్పుడు తమ విభాగం నా ఫొటోతో పోస్టరు కూడా వేయించింది. ఈ అంశంలో నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. ఆ మేలు మరిచిపోయి ఈ అర్జీ రాయడం లేదని గమనించ ప్రార్థన.

2. బరువు పోయింది గాని దాన్ని మోసిన చర్మం పోలేదు. పొట్ట దగ్గరిది తొడల మీదికి జారి ఉంటుంది. ఛాతీ దగ్గరిదీ, జబ్బల దగ్గరిదీ వేరు. కూర్చుంటే ఒడిలో మరెవరో కూర్చున్నట్టు ఉంటుంది. మడత లోపల ఎప్పుడూ చెమ్మే. చెమ్మ వల్ల ఒరుపు, ఒరుపు వల్ల పుండు. పుండు మానే లోపు దాని పక్కన మరొకటి. నాకు రోజువారీ పుస్తకం రాసే అలవాటు ఉంది. అందులో ఒక వారం యథాతథంగా:

సోమవారం: లారీలు ముప్పై ఎనిమిది. ఎడమ పక్క పుండు చొక్కా బొత్తామంత.
మంగళవారం: లారీలు నలభై ఒకటి. అదే.
బుధవారం: లారీలు ఇరవై తొమ్మిది, వాన. పుండు అగ్గిపెట్టెంత. రసి.
గురువారం: సెలవు. జ్వరం.
శుక్రవారం: సెలవు.
శనివారం: లారీలు నలభై నాలుగు. ఎక్కువ సేపు నిలబడే ఉన్నాను.

గత పద్నాలుగు నెలల్లో ఇటువంటి వారాలు ఇరవై రెండు. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చి సూదిమందు ఎక్కించారు. మూడోసారి చీము లోపలికి పాకితే మందులకు లొంగకపోవచ్చునని, పొట్ట దగ్గరి చర్మం మటుకైనా కోసి తీసేయాలని ఆపరేషను చేసే డాక్టరు గారు రాసిచ్చారు. ఆ కాగితం జతపరిచాను. మొదటిసారి కూడా జతపరిచాను.

3. ఈ సంగతి పైకి ఎందుకు కనబడదని తమకు సందేహం రావచ్చు. మా ఇంటావిడ బట్టలు కుడుతుంది. మందపాటి గుడ్డతో మూరెడు వెడల్పు పట్టీ ఒకటి కుట్టింది, వెనక తొమ్మిది ముడులు. రోజూ ఉదయం నేను గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడితే, ఆమె చర్మాన్ని పైకెత్తి, పొడి మందు చల్లి, మడిచి లోపల పెట్టి బిగించి కడుతుంది. దాని మీద బనియను, దాని మీద చొక్కా. అప్పుడు నేను మామూలు మనిషిని. పట్టీ బిగువు వల్లనే పుండ్లు పెరుగుతున్నాయని డాక్టరు గారు అన్నారు. కట్టకపోతే మెట్లు ఎక్కలేను.

ఒక్క లారీ డ్రైవరుకు మాత్రం తెలుసు. ఒకరోజు కాటా మీద వంగి చక్రం కింద రాయి తీస్తుంటే ముడి ఊడింది. అతను చూశాడు. "ఏం బాబాయ్, సరుకంతా దించేశావ్, టార్పాలిన్ మాత్రం వదిలేశావే!" అన్నాడు. మంచివాడే. నేనూ నవ్వాను. ఆ రోజు పుస్తకంలో లారీల సంఖ్య రాయడం మరిచిపోయాను. అటువంటిది నా సర్వీసులో అదొక్కటే.

4. ఇక తమ కమిటీ పరీక్ష గురించి. ఇందులో తప్పు నాది. అది ఒప్పుకోవడానికే ఈ అర్జీ.

ఆ ఉదయం కమిటీ ముందుకు పోతున్నానని మా ఇంటావిడ మామూలు కంటే శ్రద్ధగా పట్టీ కట్టింది. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా ఇచ్చింది. తీరా చూస్తే గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద పదకొండు మంది. లోపల బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కాగితాలు కుడుతున్నారు. కమిటీ డాక్టరు గారు నన్ను చూసి, "అబ్బో, మీరు మన పోస్టర్ మనిషి కదండీ! బ్రహ్మాండంగా ఉన్నారే" అన్నారు.

"చొక్కా తీయమంటారా అండీ?" అని అడిగాను.

"ఎందుకండీ, కనబడుతూనే ఉందిగా. ఏమైనా ఇబ్బందా?"

ఆ ఆడవాళ్లిద్దరూ కుట్టడం ఆపి నావైపు చూశారు. నేను, "పెద్దగా ఏం లేదండీ" అన్నాను.

ఆ మూడు మాటలే ఉత్తర్వులో ఉన్నాయి. "అర్జీదారును పరీక్షించడమైనది. ఇబ్బంది పెద్దగా లేదని స్వయంగా తెలిపినారు. కోరిన చికిత్స అందం నిమిత్తమైనదిగా భావించడమైనది."

ఇంటికి వచ్చాక మా ఇంటావిడ అడిగింది. చెప్పాను.

"ఏమన్నారూ?"

"పెద్దగా ఏం లేదన్నాను."

"ఏం లేదా? మరి పొద్దున్న నేను ముడులేసింది దేనికి, దిండుకా?" అని, చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. సాయంత్రం పట్టీ మాత్రం విప్పింది.

అయ్యా, ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది వాంగ్మూలం అవుతుందని తెలియదు.

5. బరువు ఏడాది పాటు నిలకడగా ఉన్నట్టు రుజువు కోరారు. ఇంటి దగ్గర బరువు చూసుకునే మిషను కంటే ఏటా తూనికల శాఖ వారు ముద్ర వేసే మా కాటా నమ్మదగినదని తలచి, ప్రతి సోమవారం మొదటి లారీ రాకముందు కాటా మధ్యన నిలబడ్డాను. గదిలో వాచ్‌మన్ మీట నొక్కి చీటీ తీసేవాడు. అలా యాభై రెండు చీటీలు పంపాను.

వాటిని రెండు కారణాల మీద తోసిపుచ్చారు. ఒకటి, యాభై రెండు వారాలూ సరిగ్గా ఎనభై కిలోలే ఉండుట మనిషికి అసంభవం గనుక చీటీలు కల్పితమని. మా కాటా పది కిలోల మెట్లతో చూపుతుంది. మనిషి డెబ్బై ఆరు ఉన్నా ఎనభై నాలుగు ఉన్నా అది ఎనభై అనే చెబుతుంది. లారీలకు అది చాలు. ఇది నాకు తెలిసీ తట్టలేదు. రెండు, చీటీ మీద వాహనం నంబరు నాలుగు సున్నాలు, సరుకు "ఇతరములు" అని ఉన్నందున సదరు వాహనపు రిజిస్ట్రేషను నకలు జతపరచవలెనని. సదరు వాహనం నేనేనని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను. నకలు లేదు.

ఆపరేషను చేసే డాక్టరు గారి అంచనాలో పొట్ట దగ్గర తీయవలసిన చర్మం నాలుగు కిలోలు. దాన్ని కోసి తెచ్చి మా కాటా మీద పెడితే సున్నా చూపుతుంది.

6. మళ్లీ పరీక్షించమని అడగడానికి తమ కార్యాలయంలో మూడో నంబరు కిటికీ దగ్గరకు వెళ్లాను. ఆ కిటికీ పక్క గోడకే నా పోస్టరు ఉంది. "పట్టుదల ఉంటే తగ్గొచ్చు" అని రాసి, పట్టీ కట్టిన నన్ను నిలువుగా వేశారు. అక్కడి గుమాస్తా కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు.

"ఆరోగ్యంలో మార్పేమైనా వచ్చిందా బాబాయ్? మార్పు వస్తేనే రెండేళ్ల లోపు మళ్లీ పరీక్ష."

"రాలేదు బాబూ. అదే బాధ."

"అయితే కుదరదు. పోనీ మళ్లీ లావయ్యారనుకోండి, మొదటి ఆపరేషనుకే కొత్త ఫైలు పెట్టొచ్చు. దానికి రూలు అడ్డం రాదు."

నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు. నా కోసం నిజంగానే దారి వెతుకుతున్నాడు.

రెండేళ్లు ఆగడానికి అభ్యంతరం లేదు. అయితే నేను వచ్చే మార్చి నెలాఖరుకు ఉద్యోగ విరమణ చేస్తున్నాను. ఆ మరునాటి నుంచి తమ పథకంలో నా పేరు ఉండదు. బయట చేయించుకునే స్థోమత నాకు లేదు. అంటే తమ నిబంధనలో "రెండేళ్లు" అని ఉన్నచోట నాకు "ఎప్పటికీ" అని చదువుకోవలసి వస్తున్నది.

కావున తమరు ఈ ఆరు అంశాలనూ ఓపికతో చిత్తగించవలెను. నేను కమిటీ ఎదుట పలికిన మూడు మాటలను వెనక్కు తీసుకోవడానికి అనుమతించి, నాకు ఇబ్బంది ఉన్నదని, పెద్దగానే ఉన్నదని నమోదు చేసుకొనవలెను.

ఇట్లు,
కిటికీకి ఇవతల నుంచి,
తమ విధేయుడు,
ధాన్యం గిడ్డంగి కాటా గుమాస్తా.

జతపరచినవి: డాక్టరు గారి కాగితం, ఆసుపత్రి చీటీలు రెండు, రోజువారీ పుస్తకం నకలు పద్నాలుగు నెలలది.

తా.క.: పై అర్జీ మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆమె చేతిపని ఆపకుండా విని, "ఇంత రాశారు, అసలు సంగతి రాయలేదు" అన్నది. ఏమిటని అడగలేదు. నాకు తెలుసు. ఏడాదిగా నేను ముందు గదిలో నేల మీద పడుకుంటున్నాను. పుండు వాసన వేస్తుందని. వాసన వస్తుందని ఆమె ఒక్కనాడూ అనలేదు. నేనే చాప తీసుకుని వచ్చేశాను. లోపలికి రమ్మని ఆమె పిలవడం మానేసి ఆరు నెలలు. పుస్తకంలో ఇది ఎక్కడా రాయలేదు.

సోమవారం పది గంటలకు ఈ అర్జీతో నేనే వస్తున్నాను. ఆ రోజు పట్టీ కట్టవద్దని ఆమెతో చెప్పాను. తమ కార్యాలయం మెట్లు నెమ్మదిగా ఎక్కుతాను. తమరు లోపలికి పిలిపించి, తలుపు వేయించండి. రెండు నిమిషాలు చాలు. అడగకుండానే చొక్కా తీస్తాను. పిలవకపోతే మూడో కిటికీ దగ్గర, ఆ పోస్టరు కిందనే నిలబడి తీస్తానని రాద్దామనుకున్నాను. నాకు అంత ధైర్యం లేదు. పిలవకపోతే ఈ కాగితం ఇచ్చేసి, బాగానే ఉన్నానని చెప్పి వచ్చేస్తాను. అందుకని దయచేసి పిలవండి.