రాణి నడుం వంగింది

వెల్లింగ్టన్, శనివారం

అమ్మమ్మా, జ్వరం తగ్గింది, దిగులు పడకు.

నిన్న ఎమ్మే నాటక పరీక్షలో నాది పొగరుబోతు రాణి వేషం. ముందు వరసలో కూర్చున్న పెద్దల ఎదుటినుంచి తలెత్తుకుని నడవాలి. తీరా వాళ్లను చూడగానే, సమోవాలో మన ఇంట్లోలాగే నడుం వంచి "తులో, తులో, మన్నించండి" అంటూ దాటేశాను! హాలంతా ఒకటే నవ్వు. "రాణి ఎక్కడైనా వంగుతుందా తల్లీ?" అన్నారు మా మేడమ్. వచ్చే నెల మళ్లీ ఆడాలి. ఈసారీ వంగితే పరీక్ష పోయినట్టే.

తాతయ్య మోకాలు ఎలా ఉంది? కొబ్బరినూనె అయిపోయింది, మామయ్యతో పంపు.

పెద్దల ముందు నిటారుగా నడిస్తే కాళ్లు విరగ్గొడతానన్నది నువ్వేగా. ఆ ఒక్క పూటకి "నిటారుగా నడువే" అని రాయించు. నీ మాట లేనిదే నా నడుం నిలబడేలా లేదు. ఇంటికొచ్చాక నీ ముందు వంగే నడుస్తాను.

నీ సలాఫై