కార్టూన్ కుర్రాడి గొంతు

బావా,

మొన్ననే నీ సంవత్సరీకం అయింది. ఈ వారం నుంచి మన పిల్ల చూసే జపాను కార్టూన్ తెలుగులో వస్తోంది. నువ్వుంటే, నా ఉద్యోగం పోయిందే అని నవ్వేవాడివి.

అది ఇంగ్లీషులో వచ్చేటప్పుడు సౌండు తీసేసి, అందులోని కుర్రాడికి నువ్వే మాటలు చెప్పేవాడివి. ఎవడి మీదికైనా కత్తి ఎత్తే ముందు వాడి చేత "కూడు తిన్నావేటిరా?" అని అడిగించేవాడివి. కిడ్నీలు పాడై మంచం పట్టాక కూడా మానలేదు. నువ్వు పోయాక ఈ ఏడాదంతా పిల్ల దాన్ని సౌండు లేకుండానే చూసింది.

ఇవాళ నేను జీడిపప్పు పని నుంచి వచ్చేసరికి పిల్ల టీవీ ముందు మూతి ముడుచుకుని ఉంది. "అమ్మా, ఆడికేటయింది? గొంతు మారిపోనాది," అంది.

పక్కింటి టీచరమ్మ నచ్చజెప్పబోయింది. "జపాన్లో ఆడికి మాటలు సెప్పేది ఓ ఆడమనిషట. ఇంగ్లీషులో ఎవులో మగోడట. గొంతులు మారతాయే అమ్మీ."

పిల్ల సౌండు తీసేసి నావైపు తిరిగింది. "అయితే నువ్వు సెప్పు."

"కూడు తిన్నావేటిరా," అన్నాను.

"అలాక్కాదు," అని తనే చేసి చూపించింది. 'కూడు' అని ఆగి, నోరు తెరిచి రెండుసార్లు గట్టిగా ఊపిరి లాక్కుని, అప్పుడు 'తిన్నావేటిరా' అంది.

అది నీ ఆఖరి నెలల ఆయాసం, బావా. పిల్ల మాత్రం ఆ కుర్రాడు మాట్లాడే తీరే అంత అనుకుంది.

రేపు సాయంత్రం కార్టూన్ మళ్లీ వస్తుంది. ఆ ఆయాసం నేనూ నేర్చుకోవాలో, అదేమిటో దానికి చెప్పేయాలో తెలియడం లేదు.