సంగటిది తప్పు కాదవ్వా

అవ్వా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీకు ఒక మాట చెప్పాలి.

మోకాళ్లకని డాక్టరు ఐదు రోజులకు రాసిచ్చిన నొప్పి మాత్రలను నువ్వు ఏడాదంతా కొనుక్కుని పరగడుపునే మింగావు. చెనక్కాయ చేలో నడుం నొప్పి అన్న వాళ్లందరికీ కొంగుముడి విప్పి పంచావు. విరేచనం నల్లగా అవుతోందని అమ్మతో చెప్పి, "రాగిసంగటి తింటే నల్లగా పోక ఎట్ల పోతాది" అని నువ్వే నవ్వేశావు. మేమూ నమ్మాం. ఆ తర్వాత కొద్ది రోజులకే నువ్వు పోయావు.

పోయిన వారం, నీతో కూలికి వచ్చి, నువ్విచ్చిన మాత్రలకు అలవాటు పడి ఇప్పుడు తానే కొనుక్కుంటున్న గంగమ్మవ్వ మన అరుగు మీద కూర్చుని అచ్చం అదే మాట అంది. అమ్మ చేతిలో చేట కింద పెట్టేసి, "లెయ్ పెద్దమ్మా, ఆస్పత్రికి పోదాం. మా అత్త గూడా ఇట్లే అనింది" అని అప్పటికప్పుడే బస్సెక్కించి పెనుకొండకు తీసుకెళ్లింది. నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడి రక్తం కారుతోందని, సమయానికి తెచ్చారని డాక్టరు అన్నాడు. ఆ మాత్రలు మాన్పించి, పుండు మానడానికి మందిచ్చాడు. ఇకపై ఏ నొప్పి మాత్రైనా తనను అడగకుండా మింగొద్దన్నాడు.

ఈరోజు నీ పేరున వండిన సంగటి తింటూ గంగమ్మవ్వ, "పాపం, ఇన్నాళ్లూ దీని మీద నిందేసినాము గదమ్మా" అంది.

అమ్మ నవ్వి, ఆమెకు ఇంకో ముద్ద వేసింది.