కాన్పుల గదికి రాని కరెంటు

అనంతపురం,
ఏప్రిల్ 2006, మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి హేమలతకు తిప్పేష్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అమ్మకు మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉంది, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. నల్లమాడలో నువ్వూ, మామా, అత్తా, నీ కడుపులో కాళ్ళాడిస్తున్న మన దొరా అంతా క్షేమమని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. చింతకాయ తొక్కు కూడా అందింది, సగం అమ్మే ఖాళీ చేసింది. వేళకు తింటున్నాను. నిద్ర సంగతి మాత్రం అడగొద్దు. "ఫోన్లో నీ గొంతు తేడాగా ఉండాది, ఏమి దాస్తాండావు?" అని రాశావు. ఫోన్లో నీ గొంతు వినగానే "అంతా బాగుంది" అనేస్తాను. మూడుసార్లూ అట్లాగే అన్నాను. అందుకే ఈ ఉత్తరం.

"నీడపట్టున కంప్యూటరు ముందర కూసోనేదానికి అంత అలుపేంది?" అని కూడా అడిగావు. చెబుతాను విను. మా ఆఫీసు యజమాని శ్రీరంగప్ప సారు రెండేళ్ళ కిందట బెంగళూరు నుంచి కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చాడు కదా. ఇంతకుముందు కరెంటు ప్లాను అంటే గీతలే. గీస్తే ఉంటుంది, చెరిపితే పోతుంది. ఇప్పుడు బిల్డింగు మొత్తం కంప్యూటరులోనే కట్టాలి. గోడ, తలుపు, లైటు, ప్లగ్గు అన్నీ అందులో నిలబెట్టి, ఏ లైటుకు ఏ బోర్డు నుంచి వైరు వస్తుందో దానికి చెప్పాలి. చెబితే వింటుందా ఆ ముండమోపిది? అది ఎక్కడో పరాయి దేశంలో పుట్టింది. మన వోల్టేజీ చెబితే తప్పు తప్పని అరుస్తుంది. సీలింగ్ ఫ్యాను అనే వస్తువు ఒకటుందని దానికి తెలియనే తెలియదు. ఫ్యాన్లన్నిటికీ లైట్ల వేషం వేసి పెట్టాను.

ఆర్కిటెక్టు బెంగళూరులో కూర్చుని గోడను జానెడు జరుపుతాడు. ఆ గోడనున్న ప్లగ్గులన్నీ ఇక్కడ వైరు తెంచుకుని గాల్లో నిలబడతాయి. ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి మళ్ళీ తగిలించేలోగా మన ఊరి కరెంటు పోతుంది, ఫైలు చెడిపోతుంది. గోరుచుట్టు మీద రోకలి పోటు. పాత పద్ధతిలోనే గీస్తాను సార్ అని బతిమాలాను. "లోకమంతా ముందుకు పోతాంటే నువ్వు యాడికప్పా ఎనక్కి పోతావు?" అన్నాడు.

ఇదంతా సోదిలాగా ఉందేమో నీకు. అసలు మాటకు భయపడి దాని చుట్టూ తిరుగుతున్నాను, హేమా.

పోయిన వారం కదిరి కొత్త ఆసుపత్రికి వెళ్ళాను, మామ నీ పేరు రాయించిన ఆసుపత్రికే. పేరు బోర్డుకు లైటు పెట్టే పని. నేనున్నప్పుడే కరెంటు పోయింది. జనరేటరు మోగింది. నడవాలో లైట్లు వెలిగాయి, మందుల గదిలో ఫ్యాను తిరిగింది. కిటికీ లేని కాన్పుల గది మాత్రం చీకటిగానే ఉండిపోయింది. లోపల ఒకామె అరుస్తోంది. ఆయా బయమ్మ టార్చిలైటు కోసం బయటికి పరుగెత్తుకొచ్చింది. "ఈ రూముకు జనరేటరు రాదు సార్. ప్లానులోనే అట్ల ఉండాదంట. టార్చి పట్టుకోనే కాన్పులు చేస్తాండారు" అంది. గీసినవాణ్ణి నేనేనని ఆమెకు తెలియదు. బిడ్డ పుట్టింది. పుట్టిన బిడ్డకు వెచ్చదనమిచ్చే యంత్రం కూడా ఆగిపోయింది కాబట్టి, బయమ్మ ఆ పసిదాన్ని తన కొంగులో చుట్టి రొమ్ముకు అదుముకుని నిలబడింది.

ఆఫీసుకొచ్చి ఆ ఆసుపత్రి ఫైలు తెరిచాను. చివర్లో ఆర్కిటెక్టు ఆ గది గోడ జరిపాడు. తెగిపోయిన లైట్లనూ ప్లగ్గులనూ నేను తిరిగి కలిపినప్పుడు, సాఫ్ట్‌వేరు వాటిని జనరేటరు బోర్డుకు కాక మామూలు బోర్డుకు తగిలించింది. హెచ్చరిక ఇచ్చే ఉంటుంది. అది చీటికీ మాటికీ హెచ్చరికలిస్తూనే ఉంటుంది. చదవకుండా ఓకే నొక్కాను. నొక్కింది నేనే.

సారుకు చూపించాను. ఆయన కంప్యూటరులో ఆ గదిని తిప్పి తిప్పి చూశాడు. అందులో లైట్లు ధగధగ వెలుగుతున్నాయి. "ఇంత బాగుండాది కదప్పా! ఈ మాట బయటికి పోతే ఆఫీసు మూతబడ్తాది. నోరు మూసుకోని ఉండు" అన్నాడు.

మూసుకున్నాను. నిన్నొక్కదాన్ని అక్కడి నుంచి తప్పిస్తే చాలనుకున్నాను. కదిరి దిక్కు నీ నక్షత్రానికి మంచిది కాదని అయ్యవారితో చెప్పించి, నిన్ను ఇక్కడికే పిలిపించుకుందామనుకున్నాను. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని పట్టుబట్టిన అత్త కూడా అయ్యవారి మాట కాదనదు. అబద్ధమంతా సిద్ధం చేసుకున్నాక నీ ఉత్తరం వచ్చింది. "మా అల్లుడు కరెంటు గీసిన ఆసుపత్రి అని నాయన ఊరంతా చెప్పుకోని తిరుగుతాండాడు. అది విని ఎదురింటి మారెక్క కూడా కూతురికి ఆడనే పేరు రాయించింది" అని రాశావు. ఆ పిల్లకు నెలలు నిండాయి కదా. నీకు సరే, ఆ పిల్లకు ఏ నక్షత్రం చెప్పించాలి? కంచం ముందు కూర్చుని ఏడ్చాను. అమ్మ భయపడింది.

ఈ పొద్దున కదిరి పోయి పెద్ద డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. "గోడలు పగలగొట్టల్లంటే ఓనరు రావల్ల. అంతవరకు కాన్పులు ఆపేది కుదరదప్పా" అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి ఆసుపత్రి నుంచి సారుకు ఫోను వచ్చేసింది. రేపటి నుంచి ఆఫీసుకు రావద్దన్నాడు. బిడ్డ పుట్టే వేళకు ఉద్యోగం లేనివాణ్ణయ్యాను. ఏం చేయాలో నాకు తోచడం లేదు, హేమా.

రేపు ఎలక్ట్రీషియన్ చిన్నప్పను వెంటబెట్టుకుని మళ్ళీ అక్కడికే పోతాను. గోడలు ముట్టకుండా నడవా నుంచి ఒక్క లైను పైపైన లాగనివ్వండని కాళ్ళైనా పట్టుకుంటాను. ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. ఒప్పుకునేదాకా అక్కడి నుంచి కదలను. అందుకే నేను రాకుండా, బస్సు కండక్టరు సోమప్ప చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను.

మీరిద్దరూ అనంతపురం పెద్దాసుపత్రికి వచ్చేయండి, నువ్వూ, మారెక్క కూతురూ. నేను లేకున్నా మీకు తోడుగా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అత్తను నా మాటగా బతిమాలు. మామనూ మారెక్కనూ కూర్చోబెట్టి ఇది చదివి వినిపించు. సాఫ్ట్‌వేరును తిట్టిన ముక్కలు వదిలేసినా పరవాలేదు. ఓకే నొక్కింది నేనని రాసిన చోటు మాత్రం వదలొద్దు. మామకు చెవి మందం కదా, గొంతు తగ్గించకుండా చదువు. వీధంతా వింటే విననీ.

ఇట్లు,
నీ బిడ్డకు నాయన కాబోతున్న
తిప్పేష్