పట్టుచీరలకు పెట్టిన కిటికీ

సరోజక్కా,

తప్పులున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా ఏమీ అనుకోకు. ఐదో తరగతితోనే నా చదువు ఆగిందని నీకు తెలుసు. నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసీ రాస్తున్నాను.

గాలాడక దగ్గి దగ్గి, కిటికీ పెట్టించమని నువ్వు ఎన్నిసార్లు అడిగినా, దక్షిణపు గోడ పగలగొడితే వాస్తు చెడుతుందన్నాడు మన ఓనరు. ఇప్పుడు నీ గదిని పట్టుచీరల గోడౌను చేసి, ఆ గోడకే పెద్ద కిటికీ పెట్టించాడు.

సిగ్గు విడిచి అడిగాను. "వాస్తు ఏమైందప్పా?"

"గాలి తగలకుంటే చీరలకు బూజు పడతాది. అయినా గోడౌనుకు వాస్తు ఏందమ్మా? దాంట్లో మనుషులుండరు కదా!"

"పక్కన మా గదికీ ఒకటి పెట్టించండప్పా. పాప ఒకటే దగ్గుతా ఉండాది."

"మీ గదిలో మనుషులుండారు కదమ్మా. వాస్తు చూడల్ల" అని నవ్వాడు.

నీ మంచం ఉన్నచోట చీరలు హాయిగా గాలి పీలుస్తున్నాయి.

ఈ ఉత్తరం ఆయన కంటపడితే గది ఖాళీ చేయమంటాడు. నీకు చేరితే చదివి కాల్చెయ్యక్కా. ఇక్కడ నేను కాల్చలేను, పొగ పోయే దారి లేదు.

నీ లక్ష్మి